రేకు ఎక్కడ వంచాలో గోడనే అడగాలి

కిటికీ చట్రాల చుట్టూ, చూరు చెక్క మీద, తలుపు కమ్ముల మీద తొడిగే అల్యూమినియం రేకు మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటే. వంచే మెషిన్ కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా, రేకులు వంచే షాపుకిచ్చి వంపించుకోవాలా? దీనికి దొరికే సలహాలన్నీ డబ్బు లెక్కలే. ఇన్ని రోజుల అద్దె కలిపితే మెషిన్ ధర అవుతుంది, పని అంతకు మించితే కొనేయండి అంటారు. కూడికలో తప్పేమీ లేదు, అసలు ఖర్చే అందులోకి రాలేదు. రేకు వంచడానికి పట్టేది నిమిషం. జేబుకు చిల్లు పెట్టేది తప్పు కొలతకు వంగిన రేకు. రంగు వేసిన రేకు ఒకసారి మడత పడ్డాక మళ్ళీ చదును చేసినా గీత పోదు, గీత వెంట రంగు చిట్లుతుంది, లోహం అక్కడే బలహీనపడుతుంది. ఇక అది తుక్కే.

అందుకే నేను ధరకంటే ముందు చూసేది వేరు. కొలత తీసే చోటికీ, వంపు పడే చోటికీ మధ్య దూరం ఎంత?

ఈ పనికి వాడే రేకు చాలా పల్చన, దాదాపు అర మిల్లీమీటరు. సాధారణంగా 24 అంగుళాల వెడల్పు, 50 అడుగుల పొడవున్న చుట్టగా వస్తుంది. దాన్ని వంచే సైడింగ్ బ్రేక్ అనే మెషిన్ కూడా పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రేకును బిగించి పట్టుకునే పొడవాటి దవడ, దాని ముందు కీలు మీద పైకి లేచే రెక్క, అంతే. మోటారు ఉండదు. ఇద్దరు మోసుకెళ్ళి ఇంటి పక్కనే నిలబెట్టుకోవచ్చు. ఈ మెషిన్ అసలు విలువ అక్కడే ఉంది. అది గోడ దగ్గరికి వస్తుంది.

గోడ దగ్గరికి ఎందుకు రావాలంటే, పాత ఇంట్లో ఏ కిటికీ కూడా మూలమట్టానికి నిలవదు. చట్రం పైన 92 మిల్లీమీటర్లుంటే కింద 96 ఉంటుంది. పక్క కిటికీ సరిగ్గా తిరగబడి ఉంటుంది. చేయి తిరిగిన పనివాడు ఒక ముక్క వంచి, తొడిగి చూసి, ఒక కొసన మూడు మిల్లీమీటర్లు తగ్గించి రెండోది వంచుతాడు. వంపు గీతనే కాస్త ఏటవాలుగా పెట్టి గోడ వంకరను రేకులో కలిపేస్తాడు. ఆ సవరణను కాగితం మీద రాసి ఇంకొకరికి పంపడం దాదాపు అసాధ్యం. పంపినా, షాపులో వాళ్ళు అది మీ పొరపాటనుకుని సరిచేసి వంచే ప్రమాదం ఉంది.

అలాగని షాపును తక్కువ చేయలేం. పిట్టగోడ పైన కప్పే టోపీ రేకు, మిల్లీమీటరుకు పైబడిన మందం, ఉక్కు రేకు, ఒకే ఆకారంలో ముప్పై ముక్కలు లాంటివాటికి అద్దె మెషిన్‌తో కుస్తీ పట్టడం తెలివితక్కువ. షాపులోని ప్రెస్ బ్రేక్, అంటే రేకును అచ్చులోకి నొక్కి వంచే పెద్ద మెషిన్, ముప్పయ్యో ముక్కను కూడా మొదటిదానిలాగే వంచుతుంది. దానికీ ఒక పరిమితి ఉంది. పైనుంచి దిగే పంచ్ అనే పలక రేకును నొక్కే ‘వి’ ఆకారపు అచ్చు నోరు మామూలుగా రేకు మందానికి ఎనిమిది రెట్లు ఉంటుంది. వంచే అంచుకు ఆ నోటి ఒడ్డు మీద ఆనేంత వెడల్పు లేకపోతే లోపలికి జారిపోతుంది. కాబట్టి మరీ సన్నటి అంచులు గీసుకెళ్తే కుదరదంటారు. వాళ్ళు సాకు చెప్పడం కాదు, అచ్చుకు అందదంతే.

షాపుతో వచ్చే తగాదాలు చాలావరకు గీసిచ్చిన బొమ్మలోంచే పుడతాయి. ‘45 డిగ్రీలు’ అని రాస్తారు. రేకును 45 డిగ్రీలు వంచమనా, వంచాక లోపలి కోణం 45 ఉండాలనా? మొదటి అర్థంలో లోపలి కోణం 135 అవుతుంది. రెండూ పూర్తిగా వేరు వస్తువులు. రంగు వైపు ఏదో గుర్తు పెట్టకపోతే మొత్తం సరుకు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి వస్తుంది. కొలత లోపలిదా బయటిదా అన్నది అర మిల్లీమీటరు రేకుకు పెద్దగా లెక్కలోకి రాదు గానీ, రెండు మిల్లీమీటర్ల రేకుకు నాలుగు వంపులుంటే కొంప ముంచుతుంది. అట్టముక్కతో నమూనా మడిచి, రంగు వైపు సిరాతో రాసి చేతికివ్వడం కంటే మంచి డ్రాయింగ్ నేను ఇంతవరకు చూడలేదు.

ఇక అద్దె. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, అద్దె మెషిన్ విషయంలో మద్దెల నిజంగానే ఓడై ఉండొచ్చు. పల్చటి అల్యూమినియానికి చేసిన మెషిన్‌లో ఎవరో మందపాటి ఉక్కు రేకు పెట్టి బలంగా లాగి ఉంటారు. రెక్క నడుమ కుంగుతుంది. ఆ తర్వాత ఏ రేకు పెట్టినా కొసల్లో 90 డిగ్రీలు వంగి, నడుమ 86 దగ్గర ఆగిపోతుంది. తీసుకునేటప్పుడే ఒకే వెడల్పున్న మూడు చిన్న ముక్కల్ని రెండు కొసల్లో, నడుమలో పెట్టి ఒకేసారి వంచి పక్కపక్కన పోల్చి చూడండి. తేడా ఉంటే అక్కడే వదిలేసి రండి. మొదటిసారి నేనా పని చేయలేదు. మూడు మీటర్ల ముక్క గోడకు ఆనక నడుమ ఉబ్బితే, నా చేతిదే తప్పనుకుని సాయంత్రం దాకా తిప్పలు పడ్డాను.

నాది ఇంకో తప్పు కూడా ఉంది. మెషిన్ ఇంటికొచ్చాక టేపు తీశాను. అద్దె రోజు సగం నిచ్చెన మీదే గడిచిపోయింది. పాత పట్టీలు ఊడదీయడం, పుచ్చిన చెక్క మార్చడం, ప్రతి కిటికీకీ బొమ్మ గీయడం మెషిన్ రాకముందే అయిపోవాలి. వంపుల వరుస కూడా ముందే తేల్చుకోవాలి. బట్టకు అంచు మడిచి కుట్టినట్టు రేకు కొసను వెనక్కి మడిచే మడత దాదాపు ఎప్పుడూ ముందే పడాలి. మిగతా వంపులు పడ్డాక ఆ కొస దవడలోకి దూరదు.

కొనడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నెలనెలా ఇదే పని చేసేవాళ్ళు కొనాలి, వాళ్ళకు నా సలహా అక్కర్లేదు. ఒక్క ఇంటికోసం కొని పనయ్యాక అమ్మేద్దాం అనుకునేవాళ్ళు పదడుగుల సామానును ఎండావానా తగలకుండా ఎక్కడ పెడతారో ముందు చూసుకోవాలి. రెండు మూడడుగుల ముక్కలు నాలుగైదే కావాలంటే మెషినే వద్దు. రెండు ఇనుప యాంగిళ్ళ నడుమ రేకు బిగించి, చెక్కముక్క ఆనించి నెమ్మదిగా నొక్కితే చాలు.

మెషిన్ మీద వేసే నిందల్లో సగం నిజానికి మేకులకు చెందాలి. మూడు మీటర్ల అల్యూమినియం పట్టీ 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. మేకు రంధ్రాలను గుండ్రంగా కాక పట్టీ పొడవు దిక్కున కోలగా సాగదీయాలి, మేకును చివరికంటా దిగ్గొట్టకూడదు. బిగించి కొడితే మధ్యాహ్నానికి పట్టీ అలలు తేలుతుంది, ‘వంపు బాగోలేదు’ అన్న మాట పడుతుంది. రాగి లవణాలతో శుద్ధి చేసిన చెక్కకు అల్యూమినియం నేరుగా తగిలితే తడిలో ఆ రాగి రేకును తినేస్తుంది, మధ్యలో అడ్డు పొర ఉండాలి. పుచ్చిన చెక్క మీద కొత్త రేకు తొడిగితే లోపలి తేమకు మూత పెట్టినట్టే. ఎవరు వంచినా ఇవి మారవు. షాపుకిచ్చినప్పుడు మాత్రం ‘మీరు గీసినట్టే వంచాం’ అని వాళ్ళు చేతులు దులిపేసుకుంటారు, అందులో అన్యాయమూ లేదు.

చాలా ఇళ్ళకు మూడింటిలో ఒకటే ఎంచుకోవాల్సిన పని లేదు. తిన్నటి పొడవు ముక్కలు షాపుకు, కిటికీలు అద్దె మెషిన్‌కు పంచుకోవచ్చు. ఏది ఎటు వెళ్ళాలో తెలియకపోతే, ఇంట్లో అన్నిటికంటే వంకరగా కనిపించే కిటికీ దగ్గర నిచ్చెన వేయండి. చట్రాన్ని పైన, నడుమ, కింద కొలవండి. మూడూ రెండు మిల్లీమీటర్ల తేడాలో ఉంటే కాగితం మీద రాసి షాపుకివ్వండి. అంతకు మించితే అక్కడే, ఆ గోడ పక్కనే మెషిన్‌కు చోటు చూడండి.