జెండా దించితే సరిపోదు

వేసవి సెలవులొస్తే డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఆర్లింగ్టన్‌లోని 'సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సాస్' వినోద పార్కు చూడకపోతే సెలవులు గడిచినట్టే ఉండదు. ఇర్వింగ్ నుంచి, ప్లేనో, ఫ్రిస్కోల నుంచి కార్లు బయల్దేరతాయి. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలను, నానమ్మలను కూడా పిల్లలు లాక్కెళ్తారు. పెద్దవాళ్లు నీడపట్టున కూర్చుంటే పిల్లలు రోలర్ కోస్టర్ క్యూలో నిలబడతారు. పార్కు పేరులోని ఆ ఆరు జెండాలు ఎవరివన్నది ఆ హడావుడిలో ఎవరికీ పట్టదు. పట్టాలనే మేం అంటున్నాం.

ఆంగస్ విన్ అనే వ్యాపారి ఈ పార్కును తెరిచింది 1961 ఆగస్టులో. టెక్సాస్ గడ్డ మీద ఎగిరిన ఆరు జెండాలనూ తీసుకుని, ఒక్కో జెండాకు ఒక్కో విభాగం కట్టించారు. స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, 1836 నుంచి 1845 దాకా సొంత దేశంగా నడిచిన టెక్సాస్ రిపబ్లిక్, బానిసత్వాన్ని పాటించే దక్షిణాది రాష్ట్రాలు అమెరికా నుంచి విడిపోయి కట్టిన కూటమి కాన్ఫెడరసీ, చివరికి అమెరికా. చరిత్రను పాఠంలా చెప్పకుండా అందులో తిప్పి చూపించాలన్న ఆలోచన నిజంగా గొప్పది. స్పెయిన్ విభాగంలో 1963లో వచ్చిన 'ఎల్ అసెరాడెరో' (రంపపు మిల్లు) సవారీ సంగతే చూడండి. దుంగను తొలిచినట్టుండే పడవలో కూర్చోబెట్టి, కాలువలో తిప్పి, పైకి లాక్కెళ్లి ఒక్కసారిగా నీళ్లలోకి వదిలేస్తుంది. ఇవాళ హైదరాబాద్ పార్కుల్లో మన పిల్లలు కేరింతలు కొట్టే నీటి సవారీలకు అదే పెద్దక్క. రంపపు మిల్లుకు దుంగలను నీటిలో వదిలే పాత పద్ధతి ఆ సవారీ ఎక్కినవాడికి ఒంటికి తెలుస్తుంది. ఏ పుస్తకమూ ఆ పని చేయలేదు.

ఫ్రాన్స్ విభాగంలో మొదట్లో ఫ్రెంచి అన్వేషకుడు లా సాల్ పేరిట ఒక పడవ ప్రయాణం ఉండేది. గైడు కథ చెబుతూ తీసుకెళ్తుంటే ఒడ్డు మీది ఆదివాసుల బొమ్మలు దాడి చేసేవి. అసలు లా సాల్ కథ వేరు. మిసిసిపీ నది ముఖద్వారం కోసం వెతుకుతూ దారితప్పి 1685లో టెక్సాస్ తీరంలో దిగాడు. రెండేళ్లకు అతన్ని చంపింది ఆదివాసులు కాదు, సొంత మనుషులే. చూసేవాళ్లకు సరదాగా ఉండాలని శత్రువును మార్చేస్తే పిల్లల మనసులో మిగిలేది ఆ మారిన శత్రువే.

అసలు చిక్కు ఐదో జెండాతో వచ్చింది. పార్కు తెరిచిన 1961, ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అమెరికా అంతర్యుద్ధం మొదలై నూరేళ్లు నిండిన సంవత్సరం. కాన్ఫెడరసీ విభాగంలో ఆ సైనికుల వేషంలో ఉన్న నటులు సందర్శకులను తమ సైన్యంలో చేర్చుకునేవారు. ఉత్తరాది గూఢచారిని పట్టుకుని కాల్చి చంపే ఘట్టం ఆడేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ సైన్యం దేని కోసం పోరాడిందో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. తర్వాతి కాలంలో ఆ విభాగం పేరు మార్చి 'ఓల్డ్ సౌత్' అన్నారు. పేరు మెత్తబడింది గానీ చెప్పని విషయం చెప్పనట్టే ఉండిపోయింది.

ఆ విషయాన్ని వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. టెక్సాస్ తన నోటితోనే చెప్పింది. 1861 ఫిబ్రవరి 2న, అమెరికా నుంచి విడిపోవడానికి కారణాలు వివరిస్తూ చేసిన ప్రకటనలో, తమ ప్రభుత్వాలను తెల్లజాతి తన కోసమే ఏర్పరచుకుందని, నల్లజాతి తక్కువదని, బానిసత్వం ఎప్పటికీ కొనసాగాలని దాపరికం లేకుండా రాసుకున్నారు. 1860 జనాభా లెక్కల్లో టెక్సాస్‌లో ఉన్న 6 లక్షల పైచిలుకు మందిలో 1,82,566 మంది బానిసలు. అంటే పది మందిలో ముగ్గురు. వాళ్లలో ఒక్కరి కథకైనా ఆ విభాగంలో చోటు దొరకలేదు.

విడిపోవడం వద్దన్నవాళ్లు లేకపోలేదు. ఎందరో భారతీయులు కాపురముంటున్న హ్యూస్టన్ మహానగరానికి ఎవరి పేరు పెట్టారో ఆ శామ్ హ్యూస్టన్ అప్పుడు టెక్సాస్ గవర్నరు. ఆయనకూ బానిసలున్నారు, ఆ మచ్చ ఆయనకు ఉన్నదే. అయినా కాన్ఫెడరసీకి విధేయత ప్రమాణం చేయనని మొండికేసి 1861 మార్చిలో పదవి పోగొట్టుకున్నారు. నాటకం ఆడించాలంటే గూఢచారిని కాల్చే తంతు కన్నా వంద రెట్లు రక్తికట్టే ఘట్టం ఇది.

2017 ఆగస్టులో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో శ్వేతజాతి దురహంకారుల ప్రదర్శన ప్రాణాలు తీశాక సిక్స్ ఫ్లాగ్స్ మీద ఒత్తిడి పెరిగింది. మేం ఎగరేసేది యుద్ధ పతాకం కాదు, కాన్ఫెడరసీ అధికారిక జెండా అని పార్కు ముందు సర్దిచెప్పుకుంది. అంతలోనే ఆ జెండాతో పాటు మిగతావీ దించేసి, ఆరు చోట్లా అమెరికా జెండాలే ఎగరేసింది. మనుషులను విడదీసేవి కాకుండా కలిపేవాటి మీదే దృష్టి పెడతామని చెప్పింది.

ఆ జెండా దిగడం న్యాయం. అందులో మాకు సందేహం లేదు. తమ తాతలను గొలుసులతో కట్టినవాళ్ల జెండా కింద నుంచి నల్లజాతి పిల్లలు టికెట్ కొనుక్కుని లోపలికి పోవాల్సి రావడం దారుణం. కానీ ఒక్క జెండా గురించి నిజం చెప్పలేక ఆరింటినీ తుడిచేయడం ఏ రకంగా సమంజసం? మెక్సికో చేసిన తప్పేమిటి? 1829లో బానిసత్వాన్ని రద్దు చేసింది ఆ దేశం. అప్పటికి తన కిందే ఉన్న టెక్సాస్‌కు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది, అది వేరే సంగతి. 1836లో పుట్టిన టెక్సాస్ రిపబ్లిక్ బానిసత్వాన్ని ఏకంగా తన రాజ్యాంగంలోనే భద్రం చేసుకుంది. ఈ రెండు జెండాలనూ పక్కపక్కన పెట్టి ఈ మాట చెబితే పదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. స్తంభాలన్నింటికీ ఒకటే జెండా కడితే అడగడానికి ప్రశ్నే మిగలదు.

వినోదం కోసం వచ్చినవాళ్లకు ఈ బరువంతా ఎందుకు అని కొందరంటారు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. డిస్నీ సంస్థ వర్జీనియాలో, ఒక అంతర్యుద్ధ రణరంగానికి దగ్గర్లో, అమెరికా చరిత్ర మీద భారీ పార్కు కడతామని 1993లో ప్రకటిస్తే చరిత్రకారులే ఎదురుతిరిగారు. బానిసత్వాన్ని సవారీగా మారుస్తారా అని నిలదీశారు. 1994 సెప్టెంబరులో డిస్నీ వెనక్కి తగ్గింది. సరిగ్గా ఆ తర్వాతి నెలలో, అదే రాష్ట్రంలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో నలుగురు బానిసలను వేలం వేసే దృశ్యాన్ని నల్లజాతి కళాకారులే ముందుండి నడిపారు. అది అమ్యూజ్‌మెంట్ పార్కు కాదు, పాత పట్టణాన్ని తిరిగి నిలబెట్టిన చోటు. అయినా టికెట్ కొనుక్కుని, సెలవు గడపడానికి వచ్చే జనమే అక్కడా. పౌరహక్కుల సంఘం వాళ్లు నిరసన తెలిపారు. భార్యను ఒకరు, భర్తను మరొకరు పాడుకుని తీసుకుపోయే ఆ ఘట్టం చూసి జనం కంటతడి పెట్టారు. నిరసనకు వచ్చిన జాక్ గ్రేవ్లీ అనే నాయకుడు చూశాక తన అభ్యంతరం మానుకున్నారు. ఎవరు చెబుతున్నారు, ఎవరి వైపు నుంచి చెబుతున్నారు అన్నదే అక్కడ తేడా.

మన దగ్గరా ఇదే తీరు. పల్లె వాతావరణం పేరుతో కట్టే రిసార్టుల్లో ఎడ్లబండి ఉంటుంది, తులసికోట ఉంటుంది, కుండలో వండిన పులుసు ఉంటుంది. వెట్టిచాకిరీ ఉండదు, ఊరికి దూరంగా నెట్టేసిన వాడ ఉండదు. టెక్సాస్‌ను అడుగుతున్న మాట ఇక్కడివాళ్లనూ అడగాల్సిందే.

టెక్సాస్ బడుల్లో పిల్లలు నాలుగో తరగతిలో ఒకసారి, ఏడులో మరోసారి రాష్ట్ర చరిత్ర చదువుతారు. మన తెలుగు పిల్లలూ చదువుతారు. అంతర్యుద్ధంలో బానిసత్వ విస్తరణే కీలకమని చెప్పడానికి ఆ రాష్ట్ర విద్యా బోర్డుకు 2018 దాకా పట్టింది. అంతకుముందు పాఠ్యప్రణాళికలో బానిసత్వం మూడో కారణం. బడి దిద్దుకోగా లేనిది పార్కు ఎందుకు దిద్దుకోకూడదు?

సిక్స్ ఫ్లాగ్స్ యాజమాన్యం ఆరు కథలనూ వెనక్కి తేవాలి. జెండాలు కట్టినా కట్టకపోయినా, ప్రవేశ ద్వారం దగ్గర 1861 ప్రకటనలోని మాటలు, 1865 జూన్ 19న ఉత్తరాది సైన్యపు జనరల్ గ్రేంజర్ టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో వినిపించిన విముక్తి ఉత్తర్వు పక్కపక్కన కనిపించాలి. లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చిన రెండున్నరేళ్లకు గానీ దాదాపు రెండున్నర లక్షల మందికి ఆ కబురు చేరలేదని చెప్పే చిన్న నాటకం ఆడించాలి. దాన్ని రాసేది, ఆడేది నల్లజాతి టెక్సాస్ కళాకారులు కావాలి. సీజన్ పాస్‌లు కొనే డాలస్ తెలుగు కుటుంబాలు, అక్కడి తెలుగు సంఘాలు ఈ మాట పార్కుకు రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. జూన్ 19 సరిగ్గా సెలవుల రద్దీ మధ్యలోనే వస్తుంది కాబట్టి, మొదటి ప్రదర్శన ఆ రోజే పెట్టొచ్చు.