నైపుణ్య శిక్షణకు ప్రభుత్వ సొమ్ము దండగ అన్న ప్రచారానికి ఖండన

తిరుపతి, చిత్తూరు జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతున్నది. దాని సారాంశం ఇది: "నైపుణ్య శిక్షణ పేరుతో ప్రభుత్వాలు వేల కోట్లు తగలేస్తున్నాయి. ఆ సొమ్మును యువతకు నేరుగా పంచితే ఒక్కొక్కరికి లక్షలు వచ్చేవి. శ్రీసిటీ, రేణిగుంట కంపెనీలు తమకు కావలసినవారిని తామే తయారుచేసుకుంటున్నాయి. అమెరికాలో ఈ పనికి ప్రభుత్వం పైసా పెట్టదు. పైగా ఇదంతా కేంద్రం వ్యవహారం, కనుక మన ఎమ్మెల్యేలకు వినతిపత్రాలు ఇచ్చినా ఉపయోగం లేదు." చదువుకున్నవారు, పిల్లలకు దారి చూపవలసిన ఉపాధ్యాయులు సైతం దీనిని నమ్మి నలుగురికీ పంపుతున్నారు కనుక ఇందులోని ప్రతి మాటకూ సమాధానం చెప్పవలసి ఉన్నది. ఈ సందేశానికి ఆదరణ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. శిక్షణ పూర్తిచేసి, ధ్రువపత్రం తెచ్చుకొని, పని దొరకక ఇంటి దగ్గరే ఉండిపోయిన పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. వారి తల్లిదండ్రుల కోపం న్యాయమైనది. ఆ కోపం తగలవలసిన చోట తగలకుండా ఈ సందేశం పక్కదారి పట్టిస్తున్నదన్నదే నా అభ్యంతరం.

ముందుగా లక్షలు పంచే లెక్క చూద్దాం, ఎందుకంటే ఎక్కువమందిని ఆకట్టుకున్నది అదే. కేంద్ర మంత్రివర్గం 2025 ఫిబ్రవరిలో స్కిల్ ఇండియా కార్యక్రమం కొనసాగింపునకు ఆమోదం తెలిపింది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం, జన శిక్షణ సంస్థాన్ ఈ మూడూ అందులో భాగాలు. 2022–23 నుంచి 2025–26 వరకు నాలుగేళ్లకు, దేశమంతటికీ కలిపి కేటాయించిన మొత్తం 8,800 కోట్ల రూపాయలు, అంటే సగటున ఏడాదికి 2,200 కోట్లు. 15 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువారు మన దేశంలో 2021 నాటికి సుమారు 37 కోట్ల మంది ఉన్నారని ప్రభుత్వ అంచనా. ఈ సొమ్మును వారందరికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఏడాదికి వచ్చేది దాదాపు 60 రూపాయలు. రాష్ట్రాల ఖర్చును, గ్రామీణాభివృద్ధి శాఖ పథకాలను కలిపి ఎన్ని రెట్లు చేసి చూసినా ఈ అంకె లక్షల దరిదాపులకు రాదు. వేల కోట్లు అనే మాట వినడానికి పెద్దదిగా ఉంటుంది గాని, ఇంత పెద్ద దేశపు యువతతో భాగించి చూసినప్పుడు, మన ప్రభుత్వాలు ఈ పనికి ఎక్కువ ఖర్చు పెడుతున్నాయా, తక్కువ ఖర్చు పెడుతున్నాయా అన్న సందేహమే మిగులుతుంది.

ఇక తగలేస్తున్నారన్న ఆరోపణ. ఇందులో కొంత నిజం ఉన్నది, దానిని దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక, కౌశల్ వికాస్ యోజన అభ్యర్థుల బ్యాంకు ఖాతా వివరాల నమోదులో తీవ్రమైన లోపాలు ఉన్నాయని ఎత్తిచూపింది. అయితే ఈ లోపాలు శిక్షణ అనే ఆలోచనలో ఉన్నాయా, సొమ్ము విడుదల చేసే షరతుల్లో ఉన్నాయా అని విడదీసి చూడాలి. 2016లో మొదలైన ఆ పథకం రెండో విడతలో శిక్షణ సంస్థకు చెల్లించే సొమ్ములో 30 శాతం తరగతులు మొదలైనప్పుడు, 50 శాతం అభ్యర్థి పరీక్షలో నెగ్గి ధ్రువపత్రం పొందినప్పుడు, మిగిలిన 20 శాతం మాత్రమే ఉద్యోగం వచ్చినప్పుడు ఇచ్చేవారు. నూటికి ఎనభై రూపాయలు ఉద్యోగంతో నిమిత్తం లేకుండా చేతికి వస్తున్నప్పుడు, శిక్షణ సంస్థ తన శక్తినంతా తరగతులు నింపడం మీద, పరీక్ష గట్టెక్కించడం మీద పెడుతుందే గాని, పిల్లవాడిని ఫ్యాక్టరీ దాకా చేర్చడం మీద పెట్టదు. తరువాత వచ్చిన నాలుగో విడతలో ఇంకొక అడుగు వెనక్కి పడింది: స్వల్పకాలిక శిక్షణ పొందినవారికి ఉద్యోగాలు వచ్చాయా లేదా అన్న నమోదు మొదటి మూడు విడతల్లో ఉండేది, ఈ విడతలో ఆ ముడి తీసేశారు. అభ్యర్థి తనకు నచ్చిన దారి ఎంచుకుంటాడు కదా అని ప్రభుత్వం చెప్పే కారణం నాకు సమంజసంగా కనిపించదు. ఫలితాన్ని లెక్క పెట్టకూడదని నిర్ణయించుకున్న పథకం బాగుపడటానికి అవకాశం ఎక్కడుంటుంది?

దీనికి పక్కనే వేరే పద్ధతులూ ఉన్నాయి. 2014లో గ్రామీణ యువత కోసం మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో, శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలన్న నిబంధన పెట్టారు. బ్యాంకులు జిల్లాకొకటిగా నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలైతే, 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనాను అనుసరించి, భోజనం, వసతితో ఉచితంగా నేర్పి, తరువాత బ్యాంకు రుణం అందేలా చూసి, రెండేళ్లపాటు ఆ అభ్యర్థి బాగోగులు విచారిస్తాయి. చిత్తూరులోనూ ఇండియన్ బ్యాంకు అలాంటి సంస్థను నడుపుతున్నది. ఈ రెండు పద్ధతుల్లోనూ లోపాలు లేవని నేను చెప్పడం లేదు. ప్రజల సొమ్మే అయినా, దానికి పెట్టిన షరతును బట్టి పని తీరు మారుతుందని మాత్రం ఇవి చూపిస్తున్నాయి. షరతులు చెడ్డవైతే షరతులు మార్చమని అడగాలి. పథకమే ఎత్తివేయమని అడిగితే నష్టపోయేది ఫీజు కట్టి ప్రైవేటులో నేర్చుకోలేని పిల్లలే.

కంపెనీలు తామే తయారుచేసుకుంటాయన్నది అన్నిటికన్నా జాగ్రత్తగా పరిశీలించవలసిన వాదన. ఇసుజు, డైకిన్, ఆల్‌స్టామ్ వంటి పెద్ద సంస్థలు శ్రీసిటీలో, ఎలక్ట్రానిక్స్ తయారీ యూనిట్లు రేణిగుంట వద్ద ఉన్నాయి, చేరినవారికి పని నేర్పకుండా ఏ ఫ్యాక్టరీ కూడా ఉత్పత్తి లైను మీద నిలబెట్టదు. కాని ఫ్యాక్టరీ సాధారణంగా నేర్పేది ఆ లైనుకు, ఆ యంత్రానికి సరిపోయే పని. ఆ ఉద్యోగం పోయిన రోజున, వేరే చోట చూపించి పని అడగడానికి పనికివచ్చే నైపుణ్యం, దానికి దేశమంతటా గుర్తింపు ఉన్న ధ్రువపత్రం, ఐటీఐలో రెండేళ్లు ఫిట్టరుగానో ఎలక్ట్రీషియనుగానో నేర్చుకున్నవాడికి ఉంటాయి గాని, కొద్ది రోజుల లైను శిక్షణ పొందినవాడికి ఉండవు. ఒక యజమాని ఖర్చు పెట్టి మంచి వెల్డరును తయారుచేస్తే, పక్క యజమాని వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి తీసుకుపోతాడన్న భయం పరిశ్రమల్లో ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడికైనా పనికివచ్చే విద్యను నేర్పడానికి యజమానులు వెనుకాడేది ఇందువల్లనే, ఆ ఖాళీని ప్రజల సొమ్ము పూరించవలసి వచ్చేదీ ఇందువల్లనే.

ఇక్కడ మన రెండు జిల్లాల పరిస్థితి వేరువేరు అన్న సంగతి ఆ సందేశం రాసినవారు గమనించలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు శ్రీసిటీ, రేణిగుంట రెండూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చిత్తూరు జిల్లాకు మిగిలినవి ఎక్కువగా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, పాడి, గ్రానైటు, నగరి మరమగ్గాలు. తోతాపురి కాయ వచ్చే కొద్ది నెలలే రాత్రింబగళ్లు నడిచే గుజ్జు ఫ్యాక్టరీకి, చట్టప్రకారం ధ్రువపత్రం ఉన్న బాయిలర్ అటెండెంటు కావాలి, మెకానిక్కు కావాలి, కాని ఏడాది పొడవునా శిక్షణ విభాగం నడిపే స్తోమత దానికి ఉండదు. నాలుగు మగ్గాల యజమాని సంగతి చెప్పనే అక్కర్లేదు. శిక్షణను కంపెనీలకే వదిలేస్తే పెద్ద కంపెనీలున్న చోట ఏదో కొంత జరుగుతుంది, చిత్తూరు వైపు పిల్లలకు అదీ జరగదు.

కంపెనీలకు ఈ బాధ్యతను చట్టం ఇదివరకే అప్పగించింది కూడా. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 2019లో సవరించిన నియమాల ప్రకారం, 30 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా, కాంట్రాక్టు సిబ్బందిని కూడా కలుపుకొని, మొత్తం సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు, భృతి తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌లను తీసుకోవాలి. పాటించకపోతే ఏమవుతుంది? 2014 సవరణ జైలు శిక్షను తీసివేసి, ఖాళీగా ఉంచిన ఒక్కో స్థానానికి మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆ తరువాత నెలకు 1,000 రూపాయలు జరిమానా పెట్టింది. 2,000 మంది పనిచేసే ఫ్యాక్టరీని తీసుకోండి. కనీసంగా 50 మందిని తీసుకోవాలి. ఐటీఐ పూర్తిచేసినవారికి 2019 నియమాల ప్రకారం కనీస భృతి నెలకు 7,000 రూపాయలు, అందులో ప్రభుత్వం భరించేది గరిష్ఠంగా 1,500. మిగిలిన 5,500 చొప్పున 50 మందికి నెలకు ఫ్యాక్టరీకి అయ్యే ఖర్చు 2,75,000 రూపాయలు. ఎవరినీ తీసుకోకుండా జరిమానా కడితే మొదట 25,000, తరువాత 50,000. చట్టాన్ని పాటించడం కన్నా ఉల్లంఘించడమే చౌక అయినప్పుడు కంపెనీలు తామే తయారుచేసుకుంటాయన్న భరోసా ఎవరిని చూసుకొని ఇస్తున్నారు?

స్థానికులకు 75 శాతం ఉద్యోగాలు ఇవ్వాలని మన రాష్ట్రం 2019లో చేసిన చట్టాన్ని ఈ సందర్భంలో కొందరు గుర్తు చేస్తారు. అందులోనూ, అర్హులు దొరకకపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో స్థానికులకు శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఉన్నది. కోటా భాగం న్యాయపరీక్షకు నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇలాంటి హర్యానా చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. కాని శిక్షణ నిబంధనను అమలు చేయమని అడగడానికి ఏ కోర్టూ అడ్డు చెప్పలేదు.

అమెరికా విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. 1982 నుంచి 1998, 2014 చట్టాల వరకు అక్కడ ఉపాధి శిక్షణకు వరుసగా కేంద్ర చట్టాలు ఉన్నాయి, వాటికి కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఏటా నిధులు మంజూరు చేస్తున్నది, ఆ నిధులు తగ్గకుండా చూడమని శిక్షణ సంస్థలు, కార్మిక సంఘాలు, పారిశ్రామికవేత్తల సంఘాలు ఏటా తమ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుల దగ్గరకు వెళ్లి అడుగుతూనే ఉంటాయి. బ్రిటన్ 2017 నుంచి పెద్ద యజమానుల జీతాల పద్దు మీద 0.5 శాతం అప్రెంటిస్ సుంకం వసూలు చేస్తున్నది.

చివరగా, ఇది కేంద్రం వ్యవహారం, ఎమ్మెల్యేలతో పని లేదన్న మాట. కార్మికుల వృత్తి, సాంకేతిక శిక్షణ రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని ఉమ్మడి జాబితా 25వ అంశంలో ఉన్నది, అంటే పార్లమెంటుతోపాటు రాష్ట్ర శాసనసభ కూడా చట్టం చేయగల విషయం. ప్రభుత్వ ఐటీఐలను నడిపేది రాష్ట్రమే, బోధకుల పోస్టులు భర్తీ చేయవలసినదీ రాష్ట్రమే. 2025 మే నెలలో కేంద్రం ఆమోదించిన 1,000 ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణ పథకం మొత్తం 60,000 కోట్లలో కేంద్రం వాటా 30,000, రాష్ట్రాలది 20,000, పరిశ్రమలది 10,000 కోట్లు. మన రాష్ట్రం తన వాటా ఇవ్వాలంటే ఆ పద్దుకు అమరావతిలో మన ఎమ్మెల్యేలే ఓటు వేయాలి. పట్టభద్రులు తమ ఓటుతో పంపిన ఎమ్మెల్సీ కూడా ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు నియోజకవర్గానికి ఉన్నారు. వినతిపత్రాలు వృథా అవుతున్నాయంటే తరచుగా అవి బడ్జెట్ ప్రవేశపెట్టిన తరువాత వెళ్లడం వల్ల, "యువతను ఆదుకోండి" అన్న ఒక్క వాక్యంతో ముగియడం వల్ల. శాఖలు తమ అంచనాలను ఆర్థిక శాఖకు పంపేది బడ్జెట్‌కు కొన్ని నెలల ముందే. ఆ సమయానికి, ఫలానా ఐటీఐలో ఏ ట్రేడుకు బోధకుడు లేడు, ఏ యంత్రం పనిచేయడం లేదు అన్న వివరాలను సమాచార హక్కు చట్టం ద్వారా తెచ్చుకొని, జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే నైపుణ్య కమిటీకి, ఎమ్మెల్యేకు ఒకేసారి ఇవ్వాలి.

జరిమానాను భృతి కన్నా ఎక్కువ చేయడం, ఉద్యోగంలో నిలిచినవారి లెక్కను పథకానికి మళ్లీ ముడిపెట్టడం మాత్రం పార్లమెంటు, కేంద్ర మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్నవి. వీటికోసం తిరుపతి, చిత్తూరు లోక్‌సభ సభ్యులిద్దరినీ ముందుగా సభలో వేయమని అడగవలసినది ఒక నక్షత్ర ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటిమాటగా బదులివ్వవలసిన ప్రశ్న: ఈ రెండు జిల్లాల్లో 30 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలు ఎన్ని, వాటిలో 2.5 శాతం అప్రెంటిస్‌లను తీసుకున్నవి ఎన్ని, తీసుకోనివాటి నుంచి ఇప్పటివరకు వసూలు చేసిన జరిమానా ఎంత.