బంగ్లాదేశ్ మీద తిరుగుతున్న ఆ ఫార్వర్డ్ సంగతి

"బంగ్లాదేశ్‌లో పుట్టడం నరకం, ఇండియాలో పుట్టడం పూర్వజన్మ సుకృతం" అని ఐదు పాయింట్ల ఫార్వర్డ్ ఒకటి తెగ తిరుగుతోంది. మా ఫ్యామిలీ గ్రూపులోనే మూడుసార్లొచ్చింది, మూడోసారి పెట్టింది మా బాబాయే. మన దేశాన్ని తక్కువ చేద్దామని రాయట్లేదు, ముందే చెప్తున్నా, మళ్లీ దేశద్రోహి అని మొదలెట్టకండి.

మొదటిది, మన తలసరి ఆదాయం వాళ్లకి డబులంట. 2007 ప్రాంతంలో అయితే దాదాపు నిజమే, ఇది రాసినాయన ఇంట్లో క్యాలెండర్ అక్కడే ఆగిపోయినట్టుంది. 2020 అక్టోబర్లో ఐఎంఎఫ్ అంచనాలొచ్చినప్పుడు వాళ్లు 1,888 డాలర్లు, మనం 1,877 అని టీవీల్లో ఎంత గోల జరిగిందో గుర్తుందా? ఆ తర్వాత కూడా కాస్త అటూఇటూగా ఇద్దరం రెండున్నర వేల డాలర్ల దగ్గరే ఉన్నాం. కాకపోతే ఆ డబ్బుకి బజార్లో ఎంత సరుకొస్తుందనే లెక్క వేసుకుంటే మనమే ముందు. ముందే గానీ డబులేం కాదు.

రెండోది, అక్కడ పిల్లలు బతకరు, పెద్దలు తొందరగా పోతారు అని. ఇదీ తప్పే. ఐక్యరాజ్యసమితి 2025 మానవాభివృద్ధి రిపోర్టులో సగటు ఆయుష్షు వాళ్లది 74.7 ఏళ్లు, మనది 72, ఆదాయం, చదువు కూడా కలిపి చూసే మొత్తం లెక్కలో రెండు దేశాలదీ ఒకే ర్యాంకు, 130. ఏడాదిలోపు పిల్లల మరణాలు రెండు చోట్లా వెయ్యికి 25కి అటూఇటూ. అసలు మన దగ్గరే కేరళలో 5, మధ్యప్రదేశ్‌లో 37, ఇంక "మనం" అంటే ఎవరని చెప్పుకోవాలి?

మరి మనకన్నా పేదగా ఉన్నప్పుడే వాళ్లిక్కడిదాకా ఎలా వచ్చారంటే, దానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ నాకు బాగా నచ్చేది ఒకటుంది. 1980 నుంచి పదేళ్లపాటు బ్రాక్ అనే సంస్థ ఆడవాళ్లని ఊరూరా పంపింది, వాళ్లు ఇంటింటికీ వెళ్లి తల్లి పక్కన కూర్చుని, విరేచనాలైన పిల్లలకి పట్టే నీళ్లు నేర్పేవాళ్లు: మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు, ఆ ఇంట్లో ఉన్న గిన్నె మీదే అర సేరుకి గుర్తు పెట్టి, ఆ తల్లి చేతే కలిపించేవాళ్లు. జీతం ఎన్ని ఇళ్లు తిరిగారని కాదు, కొన్నాళ్లయ్యాక వేరేవాళ్లొచ్చి అడిగితే ఆ తల్లికి ఎంత గుర్తుందో దాన్నిబట్టి! అలా కోటికి పైగా ఇళ్లు తిరిగారు. మా అమ్మమ్మ అయితే విరేచనాలు పట్టుకుంటే చుక్క నీళ్లు తాగనిచ్చేది కాదు.

మూడోది, ఆడవాళ్లు గడప దాటరంట. మా తమ్ముడు డల్లాస్ నుంచి తెచ్చిన టీషర్ట్ మెడ దగ్గర లేబుల్ చూస్తే మేడిన్ బంగ్లాదేశ్ అనే ఉంది, మరెవరు కుట్టారు? బట్టల ఫ్యాక్టరీల్లో 40 లక్షల మంది దాకా పనిచేస్తారు, ఎక్కువమంది ఆడవాళ్లే. హాయిగా ఉన్నారని అనట్లేదు. 2013లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా అనే బిల్డింగ్ కూలిపోయి 1,134 మంది చచ్చిపోయారు, 2023 చివర్లో నెలకి 23 వేల టాకాలు కావాలని రోడ్డెక్కితే 12,500 ఇచ్చారు. అసలు ఈ ఫార్వర్డ్ రాసినవాడికి పనికొచ్చే పాయింటు బాల్యవివాహాలు, అక్కడ సగం మంది అమ్మాయిలకి 18 లోపే పెళ్లి, మన దేశంలో 23 శాతం. దాన్ని మాత్రం వదిలేశాడు. (ఆంధ్రాలో 29 లెండి, అందుకేనేమో.)

నాలుగోది, వాళ్లకి మరుగుదొడ్లే లేవంట. 2019-21 మన సర్వేలోనే 19 శాతం ఇళ్లవాళ్లు ఇంకా బయటికే వెళ్తున్నారని తేలింది, వాళ్ల దగ్గర ఆ పద్ధతి 2015కే దాదాపు పోయింది. ఊరంతా కూర్చుని ఎవరెక్కడికి వెళ్తున్నారో నేల మీద బొమ్మ గీసుకుని, సిగ్గుపడి మానేసే పద్ధతి అక్కడ రాజ్‌షాహీ వైపు మొదలుపెట్టించింది కమల్ కార్ అనే మన ఇండియా ఆయనే.

ఐదోది, వాళ్ల నీళ్లు విషం. ఇది నిజం, కలరా పోవాలని వేసిన బోర్లలోంచి ఆర్సెనిక్ వచ్చింది. కానీ నల్గొండ ఫ్లోరైడ్ చూసినవాళ్లం మనమా నవ్వేది?

ఆఖర్న ఒక లైను, "అంత బాగుంటే ఇక్కడికెందుకొస్తున్నారు?" అని. కూలి ఎక్కువ దొరికే చోటికి ఎవరైనా పోతారు. మా బాబాయ్ మస్కట్‌లో ఎనిమిదేళ్లు చేశాడు, రూమ్మేట్ బంగ్లాదేశ్‌లోని కొమిల్లా ఆయన, గోదారి పులస గొప్పదా పద్మా నది ఇలిష్ గొప్పదా అని రోజూ కొట్టుకునేవాళ్లంట, రెండూ ఒకే చేప. జీతం కూడా ఇద్దరికీ ఒకటే.