ఓటరు గీత మీద నిలబడాలి

ఎన్నికల ఖర్చు తగ్గించడానికి పెద్దలు ఎన్నో సలహాలు ఇచ్చారు గానీ, అసలు పోలింగే అక్కర్లేదన్న సలహా శ్రీకాకుళం లాడ్జీల్లో ల్యాప్‌టాప్‌లతో దిగిన సర్వే నిపుణుల దగ్గర సిద్ధంగా ఉండగా, దాన్ని ఎవరూ అడిగి తీసుకోకపోవడం విచారకరం.

వారి పద్ధతి సులువైనది. ఎన్నికల సంఘం ఫారం-20లో బూత్‌లవారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. పలాసలోనో టెక్కలిలోనో ఎవరు ఏం కొన్నారో దుకాణాల బిల్లుల్లో ఉంటుంది. రెండింటినీ కలిపి, ఒకటి పెరిగితే రెండోది ఎంత మారుతుందో చూపే రిగ్రెషన్ గీత గీస్తే, వేరుశనగ నూనె బాగా అమ్ముడైన బూత్‌లలో ఫలానా పార్టీకి ఓట్లు ఎక్కువ పడ్డాయని తేలుతుంది కాబట్టి, వేరుశనగ నూనె కొన్న ప్రతివాడూ ఆ పార్టీ మనిషే. ఆ ఓట్లు వేసింది నూనె కొన్నవారా, వారి పక్కింటివారా అన్నది ఫారం-20 చెప్పదు. గుంపు లెక్కలను బట్టి గుంపులోని మనిషిని తేల్చడం కుదరదని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఎస్. రాబిన్సన్ 1950లోనే చూపించాడు. కానీ ఆయన పలాస రాలేదు కదా.

నూనె కుదరకపోతే సబ్బు, సబ్బు కుదరకపోతే ఫోన్ రీఛార్జి. గణాంకవేత్త ఫిషర్ 1925లో ప్రచారంలో పెట్టిన 0.05 హద్దుకు (లేని సంబంధాన్ని నూటికి అయిదుసార్లు ‘ఉంది’ అని పొరబడినా ఒప్పుకునే హద్దు అది) లోబడి ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, వస్తువుకూ ఓటుకూ ఏ సంబంధమూ లేకపోయినా, కనీసం ఒకటైనా ‘సంబంధం ఉంది’ అని పలికే అవకాశం సుమారు 64 శాతం. కష్టపడేవాడికి ఫలితం దక్కుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? పలకని 19 పరీక్షలనూ నివేదికలో పెట్టి పార్టీ పెద్దల సమయం వృథా చేయకపోవడం నిపుణుల సంస్కారం. పైగా, కొత్త అంశం కలిపేకొద్దీ, గీత లెక్కలకు ఎంత బాగా అతికిందో చెప్పే ఆర్-స్క్వేర్ పెరగడమే తప్ప తరగడం ఉండదు కనుక, వాటిని కలుపుతూ పోవడంలో నష్టమూ లేదు.

క్షేత్రస్థాయి సేకరణ కూడా అంతే పటిష్ఠంగా ఉంటుంది. నరసన్నపేట పక్క ఊరిలో అరుగు మీద కూర్చుని చేటలో పెసలు బాగుచేసుకుంటున్న మామ్మను, ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు ఓటెవరికని అడిగితే, ఆవిడ ముందు ‘మీరే పార్టీ తాలూకు బాబూ?’ అని కనుక్కొని, ‘అయితే మీకే. మీకు కాక ఇంకెవులికేత్తాం’ అంటుంది. మధ్యాహ్నం రెండో పార్టీ కుర్రాడికీ అదే సమాధానం, అవే పెసలు. ఇద్దరి ట్యాబుల్లోనూ ఆవిడ ఖాయమైన ఓటే. తాళం వేసిన పక్క నాలుగిళ్ళవారు చెన్నైకో హైదరాబాద్‌కో పనులకు వలసపోయి, పోలింగ్ ముందురోజు బండెక్కి వచ్చేవారు. వాళ్ళకు బదులు టీ కొట్టు దగ్గర ఖాళీగా దొరికినవారిని అడిగితే లెక్క సరిపోతుంది.

అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 1936లో సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి, అధ్యక్ష పదవికి రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలిచాడు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాలు పట్టుకొని అడగడం, అడిగినవారిలో నాలుగో వంతుకు మించి జవాబివ్వకపోవడం కారణాలని పుస్తకాలు రాస్తాయి. రూజ్‌వెల్ట్‌కు ఓటేసినవారి క్రమశిక్షణారాహిత్యాన్ని మాత్రం ఎవరూ తప్పుపట్టరు.

మన పక్కనే విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు, చేతిలో ఉన్న సమాచారంతో పక్షపాతం లేని అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికొక హద్దు ఉందని 1945లో నిరూపించారు. నాలుగు వందల మందిని అడిగితే, నికార్సైన యాదృచ్ఛిక నమూనాలోనే అటూ ఇటూ దాదాపు 5 శాతం తేడా రావచ్చు. మన నిపుణులు దశాంశ బిందువు తర్వాత రెండంకెలు చెబుతున్నారంటే, ఆ హద్దు మనవాళ్ళకు వర్తించదన్న మాట.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. గీతకు దూరంగా పడిన బూత్‌లను ‘అవుట్‌లయర్లు’ అని నిపుణులు ఇప్పటికే తమ ఫైళ్ళలోంచి తీసేస్తున్నారు. ఓటర్ల జాబితాలోంచి కూడా తీసేస్తే పని పూర్తవుతుంది. మిగిలినవారి ఓటును గీతే వేస్తుంది. అభ్యంతరం ఉన్నవారు గత అయిదేళ్ళ కిరాణా బిల్లులు జతపరచి వారం లోపల దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొట్టులో అరువు రాయించుకున్నవారికి మాత్రం, బాకీ తీరేదాకా, ఆ హక్కు ఉండదు.