భీమవరంలో బ్లూ-రే చేపలు

న్యూజెర్సీలో మా బావమరిది ఫోర్‌కే టీవీ కొన్నాడు, అందుకని డీవీడీ తర్వాతి తరం డిస్కులు ఆడించే వాడి పాత బ్లూ-రే ప్లేయర్ భీమవరం వచ్చింది. అక్కడ పాతబడిన ప్రతిదీ చివరికి గోదావరి జిల్లాలకే చేరుతుంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. తోడుగా ఒక డిస్కు కూడా పంపాడు. సముద్రం అడుగున పగడపు దిబ్బల మీద తీసిన డాక్యుమెంటరీ. అట్ట మీద చేపలు పేరంటానికి బయల్దేరినట్టు ముస్తాబై ఉన్నాయి.

కనుమ నాడు మధ్యాహ్నం, పందేలకొచ్చిన చుట్టాలు ఇంకా కదలకముందే మావయ్యగారు ప్రకటించేశారు: "అల్లుడుగారు సాఫ్ట్‌వేరు కదా, ఆయనే పెడతారు." నేను చేసేది జీతాల లెక్కలు చూసే ప్రోగ్రాములు. అయినా అత్తారింట్లో సాఫ్ట్‌వేరు అల్లుడంటే బోరు మోటారు దగ్గర్నుంచి గీజరు దాకా అన్నీ వాడి శాఖే.

ప్లేయర్ వెనక 120 వోల్టులని రాసుంది. మన గోడలో వచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. ఎంతయిందన్నది, మా ఆవిడకి చెప్పిన లెక్కే ఇక్కడా చెప్పాలి గనక, వదిలేద్దాం. బొమ్మా శబ్దమూ ఒకే వైరులో తీసుకునే హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్లు టీవీకి రెండు. ఒకటి కిందటి వానాకాలం పిడుగుకి పోయింది. బోర్డు మొత్తం మార్చాలనీ, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్త టీవీయే వస్తుందనీ సర్వీసు అబ్బాయి చెప్పి, ఆ మాట చెప్పినందుకు విజిటింగ్ ఛార్జి పట్టుకుపోయాడు. రెండోది సెట్‌టాప్ బాక్సుది, అంటే అత్తగారిది. దాన్ని ఒక గంట పీకి మళ్ళీ పెడితే ఛానెళ్ళు యథాప్రకారం వస్తాయని నాకు తెలుసు. అత్తగారికి తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు.

ఇక మిగిలింది పసుపు, ఎరుపు, తెలుపు తలల వైరు. 2013 దాటాక తయారైన ప్లేయర్లలో ఆ పసుపు దారి మూసేశారు, అందులోంచి జనం కాపీ కొట్టేస్తారని. మాది అంతకంటే పాతది కాబట్టి దారి తెరిచే ఉంది. వైరు గుచ్చి రిమోట్‌లో సోర్స్ నొక్కితే ఏవీ, కాంపొనెంట్ అని రెండు పేర్లొచ్చాయి. ఏవీ అన్నది వీసీఆర్ల నాటి మాట. బ్లూ-రే హోదాకి కాంపొనెంటే తగినదనిపించింది.

డిస్కు లోపల తిరుగుతోంది. బ్లూ-రే ప్లేయర్‌కి డిస్కుని గుర్తుపట్టడానికి బోలెడంత తీరిక ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరో ఒకరు మాట్లాడాలి కదా, నేనే మొదలెట్టాను. డీవీడీలో పట్టేది 4.7 జీబీ, ఇందులో ఒక పొరలోనే 25 జీబీ. బొమ్మ 1080పీ, అంటే అడ్డం 1920, నిలువు 1080, మొత్తం 20,73,600 చుక్కలు.

మా తోడల్లుడు పడక కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. అంకె వినపడితే ఊరుకోలేడు.

"కౌంటు పెరిగితే రేటు తగ్గాలి కదా తమ్ముడూ?"

"ఇది రొయ్యల కౌంటు కాదు అన్నయ్యగారూ. కిలోకి వంద తూగితే చిన్న రొయ్య. ఇక్కడ చుక్కలు ఎక్కువైతే మంచి బొమ్మ."

"మరి ఈ టీవీకి ఎన్నున్నాయి?"

ఆ 32 అంగుళాల టీవీ 1366 బై 768. అంటే 10,49,088. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అంటే దాదాపు సగం చచ్చిపోతున్నట్టేగా. మోర్టాలిటీ ఇంతుంటే ఆ చెరువు పట్టేసుకోవడమే నయం."

చుట్టాలందరూ నవ్వారు. పసుపు వైరులోంచి వచ్చేది నిజానికి 720 బై 480 మాత్రమేననీ, అది 3,45,600 చుక్కలనీ, డిస్కులో ఉన్నదాంట్లో సరిగ్గా ఆరో వంతనీ ఆయనకి చెప్పలేదు. ఆ ఒక్క జాగ్రత్తా తీసుకున్నాను.

ఇంతలో తెర మీద ఎఫ్‌బీఐ వాళ్ళ హెచ్చరిక ప్రత్యక్షమైంది. నల్లటి దాని మీద తెల్లక్షరాలు. మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ పైకి చదివారు. అయిదేళ్ళ జైలూ, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా దగ్గర ఆయన గొంతు తగ్గింది.

"మనవాడి మీద ఏదన్నా కేసుందాండీ?"

లేదండీ, ఇది అందరికీ వేస్తారన్నాను. దాటిద్దామని నొక్కితే రిమోట్ వినదు. డబ్బు పెట్టి కొన్నవాణ్ణే కూర్చోబెట్టి దొంగతనం మీద పాఠం చెప్పడం ఎక్కడి న్యాయమో నాకిప్పటికీ బోధపడదు. పైగా ఈ డిస్కు మీద రీజియన్ ఏ అని ముద్రుంది. అమెరికాది ఏ, మనది సీ. ఇక్కడ కొన్న ప్లేయర్‌లో అది నోరు విప్పదు, ఇక్కడ కొన్న సీ డిస్కు ఆ ప్లేయర్‌లో పాడదు. సముద్రాలన్నీ కలిసే ఉంటాయి గానీ వాటి మీద తీసిన డిస్కులకి మాత్రం సరిహద్దులుంటాయి.

అప్పుడొచ్చింది బొమ్మ.

బూడిదరంగు సముద్రం. బూడిదరంగు పగడాలు. వాటి మధ్యలోంచి బూడిదరంగు చేపొకటి మెల్లగా వచ్చి, కెమెరా వైపు చూసి, వెళ్ళిపోయింది.

ఎవరూ మాట్లాడలేదు. చుట్టాలు నన్ను చూశారు. నేను డిస్కు అట్టని చూశాను. అట్ట మీద అదే చేప, పసుప్పచ్చగా. అప్పుడు మావయ్యగారు తొడ మీద చరిచి, "అబ్బ! ఏం క్లారిటీ అండీ! పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చు!" అన్నారు.

నిజమే. చేప ఒంటి నిండా సన్నటి గళ్ళు, చుక్కలు చుక్కలుగా కదులుతున్నాయి. అట్ట మీద ఎంత రంగున్న చేపైతే తెర మీద దానికన్ని పొలుసులు. పగడాలకి కూడా పొలుసులున్నాయి, అది నేను తప్ప ఎవరూ గమనించలేదు.

పెద్దాయన అంత సంతోషపడ్డాక మధ్యలో ఆపడం మర్యాద కాదు కదా. "సముద్రం లోపలికి పోయేకొద్దీ నీళ్ళు ఎరుపుని ముందు మింగేస్తాయండీ, తర్వాత మిగతా రంగులు" అన్నాను. ఇది పచ్చి నిజం, ఏ భౌతికశాస్త్రం పుస్తకంలోనైనా ఉంటుంది. కింద రంగులు కనపడాలనే కెమెరావాళ్ళు లైట్లు పట్టుకెళ్తారన్న సంగతి కూడా ఆ పుస్తకాల్లో ఉండొచ్చు, దాన్నప్పుడు ఎత్తలేదు.

అంతే, సభ కుదిరింది. బల్లపరుపుగా ఉన్నదొకటి రాగానే మావయ్యగారు "చందువా!" అన్నారు. పొడుగ్గా ఉన్నదొకటి రాగానే "పండుగప్ప!" అన్నారు. పిన్నత్తగారొకావిడ చందువాకి ఆ నిలువు చారలేంటని అడిగితే, అది అమెరికా చందువా అని తేల్చారు. అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక్క క్షణం చూసి, "ముల్లెక్కువుంటుంది దానికి" అని తీర్పిచ్చి వెళ్ళిపోయారు. చేపలన్నీ ఒకే రంగులో ఉండేసరికి భీమవరం వాళ్ళకి తెలిసిన చేపలన్నీ ఆ సముద్రంలో దొరికేస్తున్నాయి. పులస కూడా కనపడేదే, అది గోదావరికి ఎదురీదేటప్పుడే పులస అవుతుందని మావయ్యగారికి పట్టింపు ఉండబట్టి ఆగింది.

ఒక్క తోడల్లుడే తెరని వదిలేసి అట్ట పట్టుకున్నాడు. అట్టనీ తెరనీ, తెరనీ అట్టనీ చూశాడు. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వస్తే చెరువుగట్టు మీద నిలబడి ఇలాగే చూస్తాడు కాబోలు.

"తమ్ముడూ, దేశానికి రంగు టీవీ ఎప్పుడొచ్చింది?"

"1982లో. ఆసియా క్రీడలప్పుడు."

"మరి మనింట్లో ఎప్పుడు పోయింది?"

వైరు కొన్న కొట్టుకి ఫోన్ చేశాను. విషయం సగం వినకుండానే అతను చెప్పేశాడు. "అమెరికా సిస్టం సార్. వాళ్ళది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. రంగు రాదు. కన్వర్టర్ కొనాలి. ఒక్క పీసే ఉంది, తీసి పక్కన పెట్టమంటారా?" వీసీఆర్ల రోజుల్లో ఆ ముక్క నిజమే. అమెరికా క్యాసెట్టు మన టీవీల్లో తెలుపు నలుపే. ఇప్పటి టీవీలు రెండు పద్ధతులూ తీసుకుంటాయి. అతనికీ తెలుసనే నా అనుమానం. కాకపోతే పీసు ఒక్కటే మిగిలింది.

పీసు ఉంచమని చెప్పి చెప్పులేసుకుంటుంటే తోడల్లుడి కొడుకు, నాలుగో తరగతి, ఫోన్‌లో గేమ్ ఆడుతున్నవాడు తలెత్తకుండానే ఎడం చేత్తో రిమోట్ అందుకున్నాడు. "బాబాయ్, ఇది కాంపొనెంట్‌లో ఉంది. ఏవీలో పెట్టాలి." పెట్టాడు.

సముద్రం నీలంగా మారింది. చేపలు అట్ట మీది చీరలు కట్టుకున్నాయి.

ఆ సాకెట్ చుట్టూ సగం పసుపు, సగం ఆకుపచ్చ పూశారు. రెండు పనులకీ ఒకటే కన్నం. కాంపొనెంట్ అని చెబితే ఆ కన్నంలోంచి వెలుగునీడలే తీసుకుంటుంది. పసుపు వైరు వాటితో కలిపి తెచ్చిన రంగుని ఏం చేసుకోవాలో తెలియక బొమ్మంతా సన్నటి చుక్కలుగా చల్లేస్తుంది. పది రూపాయల రెండో కన్నం మిగుల్చుకుని, దాని పక్కన పెసరగింజంత అక్షరాలు రాసి, గోడకి ఆనించే టీవీకి వెనకవైపు పెట్టిన ఆ మహానుభావుడు ఎవరో గానీ, కనుమ పూట వాడికి గారెలు దొరక్కూడదు.

మావయ్యగారు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుని వెతుకుతున్నారు.

"పొలుసులేవండీ?"

"అవి పొలుసులు కాదు మావయ్యగారూ, సిగ్నల్లో..."

"ఇందాక ఉన్నాయిగా. రంగొచ్చింది, క్లారిటీ పోయింది." ఇంతలో పసుపు మీద నల్ల చారల చందువా ఎదురుగా వచ్చింది. ఆయన మొహం చిట్లించారు. "బజార్లో ఈ రంగులో ఉంటే ముట్టుకోనే ముట్టుకోం. ఇందాకటిలా పెట్టండి."

పెట్టాను. ఇంకేం చేస్తాను.

సరిగ్గా అప్పుడే బావమరిది వీడియో కాల్. ఫోన్ నాకంటే ముందు తోడల్లుడు అందుకుని, కెమెరాని టీవీ వైపు తిప్పి, మొత్తం కథ మొదటి నుంచీ చెప్పాడు. కౌంటు దగ్గర్నుంచి.

వాడు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "బావా, నాకు కొత్తది వస్తోంది. ఇప్పుడున్న ఫోర్‌కే ప్లేయర్ నీకే పంపిస్తా. ఆ డిస్కులకి రీజియన్ గొడవ కూడా లేదు. 82,94,400 చుక్కలు!" అన్నాడు.

"ఈ టీవీలోనా?" అన్నాను.

"దానికి తగ్గించి చూపిస్తుందిలే. కాకపోతే హెచ్‌డీఎమ్‌ఐ ఒక్కటే దారి." అత్తగారు ఫోన్ వైపు కాదు, నా వైపు చూశారు. "ఇంకోటి, మీ టీవీకి హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడా ఎక్కువ చూపించే పద్ధతి, లేదు కదా, రంగులు కొంచెం వెలిసినట్టుండొచ్చు."

మావయ్యగారు ఫోన్ లాక్కున్నారు.

"వెలిస్తే వెలవనీరా. పొలుసులుంటాయా?"