నీళ్లలో మునిగిన ఆ బట్టతలలు ఏం చర్చిస్తున్నాయి?

ఆ ఫొటో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. సూట్లు వేసుకున్న బూడిదరంగు మనుషులు, బట్టతలలు, మెడదాకా నీళ్లు. కింద ఒక రాత: "బెర్లిన్‌లోని విగ్రహం. పేరు: గ్లోబల్ వార్మింగ్‌పై చర్చిస్తున్న రాజకీయ నాయకులు." ఏళ్ల తరబడి తిరుగుతున్న ఈ మాటల్లో గట్టిగా నిలబడేది బెర్లిన్ ఒక్కటే.

ముందు పేరు సంగతి. ఇది స్పెయిన్ కళాకారుడు ఇసాక్ కోర్డాల్ 2011లో చేసిన పని, 'ఫాలో ద లీడర్స్' వరసలోది. ఆయన పెట్టిన పేరు 'ఎలక్టోరల్ క్యాంపెయిన్', అంటే ఎన్నికల ప్రచారం. గ్లోబల్ వార్మింగ్ మాట తర్వాత నెట్‌లో ఎవరో తగిలించింది. ఏ పేరైతేనేం, చురక అదేగా అంటారేమో. అదే కాదు. వైరల్ పేరుతో చూస్తే తప్పంతా నీళ్లలో ఉన్నవాళ్లది, మనం గట్టున నిలబడి నవ్వుకోవచ్చు. ఎన్నికల ప్రచారం అన్నారంటే ఓటేసేవాడికీ అందులో వాటా ఉంటుంది. మనల్ని ఇంత తేలిగ్గా వదిలేస్తుంది కాబట్టే ఆ దొంగపేరు అంతగా పాకిందని నా అనుమానం.

ఇక "చర్చ". ఫొటోని కాస్త పెద్దది చేసి చూడండి. తలలు వాలిపోయి, సొమ్మసిల్లినట్టున్న మనుషులు. ఏదో తేల్చుకుంటున్న వాళ్ల వాలకమేనా అది? పైగా కోర్డాల్ బొమ్మల్లో సూటు వేసుకున్న ప్రతివాడూ రాజకీయ నాయకుడే కానక్కర్లేదు. బ్రీఫ్‌కేసు పట్టుకున్న కంపెనీ మేనేజర్లూ వాళ్లలో ఉంటారు.

విగ్రహం అన్నదీ అంతే. ఇవి జానెడు బొమ్మలు. కెమెరాని నీటిమట్టానికి దించి తీయడంతో నిలువెత్తు మనుషుల్లా కనిపిస్తున్నాయి. శాశ్వతంగా నాటినవీ కావు. ఇప్పుడు బెర్లిన్ వెళ్లి వెతికితే కనిపించవు.

ఆ పోస్టు కింద తరచూ వచ్చే కామెంటు ఒకటుంది: పాశ్చాత్య దేశాల్లో ప్రభుత్వాన్ని వెక్కిరిస్తూ బొమ్మ పెట్టినా ఎవరూ తీయరని. అదీ నిజం కాదు. 2015 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని ఫోర్ట్ గ్రీన్ పార్కులో కొందరు కళాకారులు, అమెరికా ప్రభుత్వ రహస్య నిఘాని బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ తలబొమ్మని తెల్లవారకముందే స్మారక స్తంభం మీద పెట్టారు. అనుమతి లేదు. అదే రోజు దానికి టార్పాలిన్ కప్పారు, ఆ వెంటనే తీసేశారు.

వాతావరణ మార్పు కోర్డాల్‌కి పట్టదని కాదు. 2012లో బెల్జియం సముద్రతీరంలో కొయ్యల మీద చిన్న మనుషుల్ని నిలబెట్టి, దానికి 'వెయిటింగ్ ఫర్ క్లైమేట్ ఛేంజ్' అని ఆయనే పేరు పెట్టారు. షేర్ చేయాలనిపిస్తే ఆ ఫొటో చేయండి, పేరు మార్చే పని కూడా ఉండదు.