సవరణ: డంకన్ గదిలో బాకులు పెట్టింది ఎవరు?
షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’ మీద గత వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి. హత్యానేరం వాళ్లమీదకు పోయేలా కాపలా నౌకర్లకు నెత్తురు పూసింది కథానాయకుడు మాక్‌బెత్ అని రాశాం. ఆ పని చేసింది అతని భార్య. రెండో అంకం రెండో రంగంలో అతను స్కాట్లండ్ రాజు డంకన్‌ను పొడిచి, అక్కడే వదలాల్సిన బాకులు చేత్తో పట్టుకొచ్చేస్తాడు. మళ్లీ లోపలికి వెళ్లనని మొండికేస్తాడు. ఆమే బాకులు తీసుకెళ్లి, మత్తులో పడున్న నౌకర్లకు నెత్తురు పూసి వస్తుంది. కాసిన్ని నీళ్లతో కడిగేస్తే పోతుందని తేలిగ్గా అనేదీ అప్పుడే. ఐదో అంకంలో ఆమె నిద్రలో నడుస్తూ రుద్దుకునేది అప్పుడు నెత్తురంటిన ఆ చేతులనే. మా పొరపాటుతో ఆ లంకె తెగిపోయింది.

రెండోది, నాటకాన్నీ చరిత్రనూ కలిపేశాం. చరిత్రలోని డంకన్ నాటకంలోలా పడకమీద హత్యకు గురికాలేదు. 1040లో, స్కాట్లండ్‌లోని ఎల్గిన్ ఊరి దగ్గర పోరులో చనిపోయాడు. ముసలివాడు కూడా కాదు. మాక్‌బెత్ ఆ తర్వాత 1057 దాకా, 17 ఏళ్లు ఏలాడు.